యాంప్ కొనకండి, గిటారు నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి

సందేహం: డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడి కుర్రాళ్ల రాక్ బ్యాండ్‌కి గిటారిస్టు కావాలట, ఏదైనా కవర్ పాట (వేరేవాళ్ల పాటని మనం వాయించడం) డెమో పంపమన్నారు. ఇద్దరు రూమ్మేట్స్‌తో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మంచి యాంప్, మైకు కొనాలంటే ఎంత పెట్టాలి?

యాంప్ వద్దు, మైకూ వద్దు. ఇక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టి కట్టినవి. మన ఊరి ఇటుక గోడ ఆపినట్టు ఇవి శబ్దాన్ని ఆపవు, అందులోనూ గిటారు మంద్ర స్వరాలు నేలగుండా కింది ఇంటికి దిగిపోతాయి. ట్యూబ్ యాంప్‌కి అసలు గరుకుదనం రావాలంటే వాల్యూమ్ పెంచాలి. పదిహేను వాట్లదైనా అది ఇంట్లో భరించలేనంత మోత. పక్కింటివాళ్లు వచ్చి మీతో మాట్లాడతారనుకోకండి, నేరుగా లీజింగ్ ఆఫీసుకి ఫోన్ వెళ్తుంది. లీజులో క్వైట్ అవర్స్ ఏ టైమో ఒకసారి చదువుకోండి.

కొనాల్సింది ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటారు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే పెట్టె. సెకండ్ హ్యాండ్‌లో వంద డాలర్ల లోపే దొరుకుతుంది, కొత్తదైతే ఇంకొంచెం ఎక్కువ. గిటారు కేబుల్ దానికి పెట్టి, ఇన్‌పుట్ దగ్గర ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై-జెడ్’ అని ఉన్న బటన్ నొక్కండి. అది నొక్కకపోతే శబ్దం పలచగా, జీవం లేకుండా వస్తుంది. చాలామంది ఇక్కడే గిటారు బాగోలేదనుకుని కొత్త గిటారు వెతకడం మొదలుపెడతారు! ఇక రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. విండోస్ అయితే రీపర్ అరవై రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. యాంప్ శబ్దం కోసం న్యూరల్ యాంప్ మోడలర్ అనే ప్లగిన్ ఉంది, అదీ ఉచితమే. దాంతోపాటు స్పీకర్ క్యాబినెట్‌కి ఒక ‘ఐఆర్’ ఫైలు (అసలు స్పీకర్ పెట్టె శబ్దాన్ని ఎలా మారుస్తుందో పట్టి ఉంచిన ఫైలు) తప్పకుండా పెట్టండి. అది లేకపోతే డిస్టార్షన్ తేనెటీగల రొదలా వినిపిస్తుంది.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. రికార్డయ్యేది గిటారు నుంచి వచ్చిన శుద్ధ సిగ్నల్ మాత్రమే. రాత్రి పన్నెండింటికి హెడ్‌ఫోన్స్‌లో వాయించి, యాంప్ ఏది, గెయిన్ (గరుకుదనం పెంచే మీట) ఎంత అనేది ఆదివారం తీరిగ్గా తేల్చుకోవచ్చు. 24 బిట్‌లో రికార్డు చేస్తూ, గట్టిగా మీటినప్పుడు మీటర్ మైనస్ పది డెసిబెల్స్ దగ్గర ఆగేలా ఉంచితే చాలు. ఎర్రదీపం వెలిగితే ఆ టేకు పాడైనట్టే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం పక్కన పెట్టేయండి. మీటినదానికంటే స్పష్టంగా ఆలస్యంగా చెవికి వినిపిస్తుంది, ఇక తాళం కుదరదు. వైరున్నవే వాడండి. కంప్యూటర్ వైపు ఆలస్యం తగ్గడానికి సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 128 శాంపిల్స్ దగ్గర పెట్టండి, విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే వేసుకోండి. పది మిల్లీసెకన్ల ఆలస్యం వస్తే కంగారు పడకండి. స్టేజి మీద యాంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడినా అంతే ఆలస్యంగా వినిపిస్తుంది.

‘జుయ్’మనే మోతకి సగం కారణాలు గదిలోనే ఉంటాయి. గిటారుది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని పట్టే భాగంలో ఒకే తీగచుట్ట ఉన్నది) అయితే కంప్యూటర్ తెరకి కాస్త దూరం జరిగి, గిటారు పట్టుకునే దిక్కు మార్చి చూడండి. లాప్‌టాప్ చార్జర్ తీసి, బ్యాటరీ మీద నడపండి. మోత తగ్గించడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణాలతో చెలగాటం. ఇండియా నుంచి పెడల్స్ తెచ్చుకుంటే అడాప్టర్ మీద ‘ఇన్‌పుట్ 100-240’ అని ఉందో లేదో చూడండి. 230 మాత్రమే ఉంటే ఇక్కడి 120 వోల్టులకి అది పనికిరాదు. ఇక్కడ తొమ్మిది వోల్టులది కొనుక్కోండి.

ఇక వాయించడం. డెమో వినేవాళ్లు మీ యాంప్ ఖరీదెంతో చూడరు. శ్రుతి, తాళం చూస్తారు. కొత్త తీగలు వేసి, ప్రతి టేకుకీ ముందు ట్యూన్ చేయండి. అసలు పాట అర స్వరం దించి వాయించారేమో ముందే చూసుకోండి, హార్డ్ రాక్‌లో అది మామూలే. డెబ్బైల నాటి పాటలు చాలావరకు క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) లేకుండా రికార్డయినవి, కోరస్‌లో వేగం పెరుగుతుంది. అలాంటి పాటకి ఒకే వేగంతో క్లిక్ పెట్టి, ఒరిజినల్ పక్కనే నడిపితే రెండూ విడిపోతాయి. మీ వేగం మీరు నిర్ణయించుకుని, డ్రమ్స్ దానికే ప్రోగ్రాం చేసుకోవడం తేలిక.

రిథమ్ భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఇంకోటి కుడికి పెట్టండి. ఒకే టేకుని కాపీ చేసి రెండువైపులా పెడితే వెడల్పు రాదు, నడిమధ్య శబ్దమే కాస్త పెరుగుతుంది. గదిలో ఒక్కళ్లే వాయించేటప్పుడు నచ్చిన గెయిన్ కంటే ఇక్కడ బాగా తగ్గించాలి, రెండు ట్రాకులు కలిసేసరికి ఎటూ మందమవుతుంది. ఎనభై, వంద హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి, ఆ చోటు బేస్ గిటారుది, కిక్ డ్రమ్‌ది. సినిమా పాటల ఓపెన్ కార్డ్స్‌తో పెరిగిన చేతికి పామ్ మ్యూటింగ్ (అరచేతి అంచుతో తీగల్ని కాస్త అదిమి మీటడం) దగ్గరే ఎక్కువ పని పడుతుంది. మెట్రోనోమ్ వేగం తగ్గించి అది ఒక్కటే సాధన చేసి, ఆ తర్వాత రికార్డు నొక్కండి.

పంపేటప్పుడు పాటంతా అక్కర్లేదు. రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పలుకు), ఒక చరణం, కోరస్, సోలో ఉంటే అందులో ఓ నాలుగు ఆవర్తనాలు చాలు. కవర్ పాట కాబట్టి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ గొడవ రావచ్చు, డ్రైవ్ లింక్ ఇవ్వండి.

బ్యాండ్‌లోకి తీసుకున్నాక ఒక్క విషయం. సరదాగా, డబ్బు తీసుకోకుండా వాయిస్తే మామూలుగా పేచీ ఉండదు. బార్‌లో షోకి మీ వాటా అని యాభై డాలర్లు చేతిలో పెడితే మాత్రం ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద అది అనుమతి లేని ఉద్యోగం కిందకి రావచ్చు. క్యాష్ అయినా అంతే. మొదటి షోకి ముందే మీ డీఎస్‌ఓకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) ఒక ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి, బ్యాండ్‌వాళ్లకీ ఆ మాట ముందే చెప్పండి.