చలానాలా కట్టేసి ఊరుకోకండి

ఈసారి అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగితే మా అక్క కొడుకు కారు తీసుకుని వచ్చాడు. ఆగస్టులో ఎమ్మెస్‌కి టెక్సస్‌లోని డల్లాస్ వస్తున్నాడు. ఔటర్ మీద స్పీడు 120 దాటేసరికి "కెమెరాలుంటాయి కదరా" అన్నాను. "ఏముంది పిన్నీ, చలానా వస్తుంది. డిస్కౌంట్ ఇచ్చినప్పుడు అన్నీ కలిపి కట్టేస్తాం" అన్నాడు. వాడు చూసింది అదే మరి. పెండింగ్ చలానాల మీద కార్లకు 2022లో 50 శాతం, 2023 డిసెంబరులో 60 శాతం తగ్గించారు. పైగా ఇక్కడ చలానా బండి నంబరు మీద పడుతుంది. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు పోయేది క్లెయిమ్ చేసుకుంటేనే, చలానా వల్ల కాదు.

మియాపూర్ చేరేదాకా వాడికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో పోలీసు ఆపి ఇచ్చే స్పీడింగ్ టికెట్ కారుకు కాదు, మీ డ్రైవింగ్ రికార్డుకు అంటుకుంటుంది. కారు అమ్మేసినా, ఇన్సూరెన్స్ కంపెనీ మారినా మీ వెంటే వస్తుంది, ఎందుకంటే కొత్త కంపెనీ కూడా ఆ రికార్డు తెప్పించుకుని చూస్తుంది. ఒకే పాలసీలో భార్యాభర్తలిద్దరూ ఉంటే, ఒకరి టికెట్‌కి ఆ పాలసీ మొత్తం ప్రీమియం పెరుగుతుంది.

నేను వెళ్లిన కొత్తలో 40 మైళ్ల స్పీడ్ లిమిట్ ఉన్న రోడ్డు మీద 53లో వెళ్తూ దొరికాను. టెన్షన్‌తో ఆ రాత్రే రెండు వందల డాలర్ల పైచిలుకు ఆన్‌లైన్‌లో కట్టేసి, పీడ విరగడైందనుకున్నాను. అలా కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టేనని, అది శిక్షగా రికార్డుకెక్కుతుందని నాకెవరూ చెప్పలేదు. నాలుగు నెలలకు రెన్యువల్ వచ్చింది. నెలకు పాతిక డాలర్లు ఎక్కువ. మూడేళ్లు కట్టాను. లెక్క వేసుకుంటే 900 డాలర్లు! అప్పటి మా ఇంటి పరిస్థితికి అది చిన్న మొత్తం కాదు.

అందుకే టికెట్ రాగానే డబ్బు కట్టకండి. ముందు దాని మీద కోర్టుకు జవాబివ్వాల్సిన తేదీ చూడండి. టెక్సస్‌లో ఆ తేదీలోపు డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు అడగవచ్చు. కోర్టు ఖర్చులు కట్టి, ఆరు గంటల కోర్సు చేసి, 90 రోజుల్లో సర్టిఫికెట్, డ్రైవింగ్ రికార్డు కోర్టుకు ఇస్తే టికెట్ కొట్టేస్తారు. దాని పేరు చెప్పి ప్రీమియం పెంచడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటిదే ట్రాఫిక్ స్కూల్, 18 నెలలకు ఒకసారి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి కాబట్టి మీ టికెట్ మీద రాసిన కోర్టునే అడగండి. వాట్సాప్ గ్రూపులో ఇంకో రాష్ట్రం వాళ్లు చెప్పింది పట్టుకోవద్దు.

టెక్సస్‌లో ఈ అవకాశం అందరికీ ఉండదు. గడిచిన 12 నెలల్లో టికెట్ కొట్టేయించుకోవడానికి ఈ కోర్సు చేసి ఉండకూడదు. లిమిట్ కన్నా 25 మైళ్లు, ఆపైన ఎక్కువగా పోతే ఇవ్వరు. ఇన్సూరెన్స్ ఉన్నట్టు రుజువు చూపాలి. కొత్తవాళ్లు ఇరుక్కునేది ఇంకో షరతు దగ్గర: టెక్సస్ లైసెన్స్ ఉండాలి. మన తెలంగాణ లైసెన్స్‌తో నడుపుతూ దొరికితే ఈ దారి మూసుకుపోయినట్టే.

కోర్టు తేదీ మాత్రం దాటనివ్వకండి. డిస్కౌంట్ వస్తుందని ఆగితే వారెంటు రావచ్చు, లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవచ్చు. వీసా మీద ఉన్న పిల్లలకు ఆ తలనొప్పి అసలు వద్దు.

ఇప్పటికే ప్రీమియం పెరిగిపోయిందా? కోపంతో పాలసీ ఆపేయకండి, మధ్యలో ఖాళీ వస్తే రేటు ఇంకా పెరుగుతుంది. పాతది నడుస్తుండగానే నాలుగైదు కంపెనీల కోట్‌లు తీసుకోండి. ఒకే టికెట్‌కి అందరూ ఒకేలా పెంచరు.

మా వాడు ఇల్లు చేరాక, "అక్కడికి రాగానే లైసెన్స్ కోసం డీపీఎస్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసుకుంటా పిన్నీ" అన్నాడు. వచ్చాక కాదు నాన్నా, వారాల తరబడి స్లాట్లు దొరకవు, టికెట్ చేతికి రాగానే చూడు అని చెప్పి, "విమానం టికెట్" అని మళ్లీ విడమర్చాను.