సింగపూర్ హాకర్ సెంటర్లలో శాకాహారులైన పెద్దలు తినగలరా?

శాకాహారులైన తల్లిదండ్రులను సింగపూర్ తీసుకువెళుతున్నానని, హాకర్ సెంటర్లలో వారికి తినిపించవచ్చా, అక్కడ శుభ్రత ఉంటుందా అని మీరు అడిగారు. నిస్సందేహంగా తినిపించవచ్చు. ఉద్యోగరీత్యా నేను అక్కడ ఆరేళ్ళు ఉన్నాను. ఆ కాలంలో మా అమ్మానాన్నలు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. శుభ్రత విషయంలో మీరు పడుతున్న భయాన్ని చాలావరకు పక్కన పెట్టి, మాంసం ముక్క కంటికి కనబడని వంటల విషయంలో ఎక్కువ జాగ్రత్తపడమని నా సలహా.

ముందుగా శుభ్రత సంగతి. హాకర్ సెంటర్లు పైకప్పు ఉండి గోడలు లేని విశాలమైన భోజనశాలలే గాని, మన వీధి చివరి బండ్ల వంటివి కావు. ఒకప్పుడు అక్కడా బండ్లే ఉండేవి. నీటి వసతి, మురుగు కాలువ లేక రోడ్ల పక్కనే గిన్నెలు కడిగే ఆ వర్తకులను 1968-69లో ప్రభుత్వం నమోదు చేయగా సుమారు 18,000 మంది తేలారు. వారికి కొళాయిలు, మురుగు పారుదల, చెత్త తీసే ఏర్పాటు గల కేంద్రాలు కట్టి, 1986 నాటికి అందరినీ లోపలికి తరలించారు. ఇప్పుడు అటువంటి కేంద్రాలు నూటికి పైగా ఉన్నాయి. ఆ సంస్కృతికి 2020 డిసెంబరులో యునెస్కో గుర్తింపు కూడా లభించింది. ప్రతి స్టాల్ ముందు లైసెన్సుతో పాటు శుభ్రతకు ఇచ్చిన గ్రేడు వేలాడుతుంది. అది వంటగది శుభ్రతకు గాని రుచికి కాదు కనుక, పొడవైన వరుస ఎక్కడ ఉందో కూడా చూసుకోండి.

ఇక అసలు చిక్కు. మొదటిసారి అమ్మ వచ్చినప్పుడు, మాంసం వేయవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి ఒక స్టాల్‌లో తూటికూర వేపుడు తెప్పించాను. ముక్కలేవీ లేవు, కూర నిగనిగలాడుతోంది. అమ్మ పళ్ళెం దగ్గరికి జరుపుకొని, "ఎండురొయ్యల వాసన వస్తోందిరా" అంది. తప్పు అమ్మినవారిది కాదు, నాది. ఆ కూరలో వేసే సాంబాల్ అనే ఎర్రటి మిరప ముద్దలో పులియబెట్టిన రొయ్యల ముద్ద కలుస్తుందని, వారి లెక్కలో అది మాంసం కిందికి రాదని నాకు అప్పటిదాకా తెలియదు. అదే విధంగా ఆకుకూరల మీద ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు, కొన్ని నూడుల్స్‌ను పంది కొవ్వుతో వేయిస్తారు, కొబ్బరి అన్నం పక్కన నెత్తళ్ళు పెడతారు. అందువల్ల "మాంసం వద్దు" అనడం సరిపోదు. ఏ ముద్ద వేశారు, ఏ నూనెలో వేయించారు అని అడగాలి.

ఆ తరువాత మేము చైనీయుల శాకాహార స్టాళ్ళకు అలవాటుపడ్డాము. బౌద్ధ ఆచారం పాటించే ఆ వంటలలో చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కనుక, కార్తీక సోమవారం నాడు సైతం అమ్మకు ఇబ్బంది కలగలేదు. వెజిటేరియన్ బీహూన్ అనే బియ్యపు సేమియా ఆవిడకు బాగా నచ్చింది. అయితే దాని మీద సోయాతోను, గోధుమ జిగురుతోను చేసిన నకిలీ మాంసం ముక్కలు పెడతారు. అవి చూడటానికి ఎంత నిజంగా ఉంటాయంటే, అమ్మ వాటిని ఒక్కటొక్కటిగా ఏరి నా పళ్ళెంలో వేసేది. గుడ్డు సంగతి మాత్రం విడిగా అడగండి.

లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో దోసె, ఇడియాప్పం, పరోటాను పోలిన ప్రాటా దొరుకుతాయి. అరకొర తమిళం వచ్చినా పని జరుగుతుంది. ప్రాటాతో అడగకుండానే చేపల పులుసో మాంసం కూరో పోసే అలవాటు కొన్ని స్టాళ్ళలో ఉంది కాబట్టి, పప్పు కావాలని తమిళంలో "పరుప్పు" అని ముందే చెప్పండి. చేపలు, మాంసం అమ్మే సంత కూడా అదే భవనంలో ఉంది. ఆ వాసన పడని పెద్దలను అటువైపు నుంచి తీసుకువెళ్ళకండి.

నాన్నగారికి మధుమేహం. అక్కడ "కోపీ" అని మాత్రమే అంటే తీపి గడ్డపాలు (కండెన్స్‌డ్ మిల్క్) కలిపిన చిక్కటి కాఫీ వస్తుంది. "కోపీ-సీ కొసొంగ్" అంటే తీపి లేని చిక్కని పాలతో, చక్కెర లేకుండా ఇస్తారు. "కోపీ-ఓ కొసొంగ్" అంటే పాలు, చక్కెర రెండూ లేని నల్ల కాఫీ. ఈ రెండు మాటలూ నాన్నగారు రెండు రోజుల్లో నేర్చుకొని, తరువాత నా సాయం లేకుండానే తెచ్చుకునేవారు.

ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం ఉంటే అది ఎవరో మరిచిపోయినది కాదు, ఆ చోటు తమదని పెట్టుకున్న గుర్తు. నాన్నగారు అది తెలియక అందులోంచి ఒకటి తీసి చెమట తుడుచుకుంటుండగా, ఆ బల్ల తాలూకు అమ్మాయి పళ్ళెంతో వచ్చి నిలబడింది. నవ్వి ఊరుకుంది గాని నాకు తల కొట్టేసినట్లయింది. తిన్నాక ట్రేను మనమే తీసుకువెళ్ళి పెట్టాలి; 2021 సెప్టెంబరు నుంచి అలా చేయకపోతే చర్య తీసుకుంటున్నారు. హలాల్ పాత్రలకు వేరే అరలు ఉంటాయి, వాటిలో ఇతర పళ్ళేలు పెట్టకూడదు.

ఏసీ ఉండదు, పైన ఫ్యాన్లే. ఆఫీసుల వారు పన్నెండుకు దిగుతారు కనుక పెద్దలతో పదకొండుకే వెళ్ళండి, చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. కొన్ని నెలలకొకసారి కేంద్రం మొత్తాన్ని కడగడానికి మూసివేస్తారు. ఆ తేదీలను ముందుగా చూసుకోండి. మేము చూసుకోకుండా వెళ్ళి, తడి నేల ముందు కాసేపు నిలబడి, అమ్మ సంచిలో పెట్టుకొచ్చిన పులిహోరతో ఆ పూట గడుపుకున్నాము.