టెక్నోబ్లేడ్‌ను మరచిపోలేకపోతున్నాను.. నా భుజం నొప్పి కూడా కేన్సరేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 20 ఏళ్లు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ ఆడుతూ వీడియోలు చేసిన అమెరికా యూట్యూబర్ టెక్నోబ్లేడ్ అంటే నాకు ప్రాణం. ఆయన 2022లో కేన్సర్‌తో చనిపోయారు. ఇప్పటికీ రాత్రిళ్లు ఆయన పాత వీడియోలు చూస్తూ ఏడుస్తుంటాను. నెల రోజులుగా నా కుడి భుజం నొప్పి పెడుతోంది. ఆయనకూ చెయ్యి నొప్పితోనే మొదలైందట. ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఏడుపేమిటని అమ్మ కోప్పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ అమ్మగారికి ఆయన తెలియదు కాబట్టి ఆమె అలా అనడం సహజమే. కానీ ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ మీ చెవిలో మాట్లాడి మిమ్మల్ని నవ్వించిన గొంతు మీకు పరాయిది కాదు. అది ఆగిపోయినందుకు కలిగే దుఃఖం నిజమైన దుఃఖమే, దానికి మీరు సిగ్గుపడవలసిన పని లేదు.

ఎముకల కేన్సర్లకు శస్త్రచికిత్స చేసే నాకు ఆయన పేరు మా వార్డులోనే తెలిసింది. కీమోథెరపీ తీసుకుంటున్న ఒక కుర్రాడి సెలైన్ స్టాండుకు, కిరీటం పెట్టుకున్న పంది బొమ్మ అతికించి ఉంది. ఇదేమిటని అడిగితే, ఆటలో టెక్నోబ్లేడ్ రూపం ఇదేనని చెప్పి, అతను ఫోన్ తీసి ఆయన చివరి వీడియో చూపించాడు. 23 ఏళ్ల కొడుకు రాసిపెట్టిన వీడ్కోలు మాటలను తండ్రి చదువుతున్నాడు. తన పేరుతో అమ్మిన వస్తువుల డబ్బు తోబుట్టువుల కాలేజీ చదువులకు ఉపయోగపడుతుందని రాసి, వాళ్లకు ఇష్టమైతేనే సుమా, చనిపోయిన సోదరుడిగా బలవంతం చేయను అని అక్కడ కూడా నవ్వించాడు. ఆ మాట దగ్గర మా నర్సు ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తరువాత మైన్‌క్రాఫ్ట్ లాంచర్‌లోని (ఆటను తెరిచే ప్రోగ్రామ్‌లోని) పందికి కూడా కిరీటం పెట్టారని ఆ కుర్రాడే ఎంతో గర్వంగా చెప్పాడు.

ఇక మీ భయం సంగతి. 2021 ఆగస్టులో తన జబ్బు గురించి చెప్పిన వీడియోలో ఆయన, చెయ్యి నొప్పి మొదలైనప్పుడు ఆటలు ఎక్కువగా ఆడటం వల్లనే అనుకున్నానని, తగ్గకపోగా వాపు పెరగడంతో వైద్యుల దగ్గరకు వెళ్లానని చెప్పారు. ఆయనకు వచ్చినది సార్కోమా, అంటే ఎముకలు, కండరాలు, కొవ్వు, నరాల వంటి వాటిలో పుట్టే కేన్సర్. ఇందులో 70కి పైగా రకాలున్నా, పెద్దవారికి వచ్చే కేన్సర్లన్నిటిలో వీటి వాటా సుమారు 1 శాతమే. మౌస్ పట్టుకుని గంటల తరబడి వంగి కూర్చునేవారి భుజం నొప్పికి చాలా సందర్భాలలో కండరాల అలసటే కారణం. అయితే చేత్తో తాకి చూడకుండా, ఉత్తరం చదివి ఏమీ లేదని తేల్చేయడం వైద్యం అనిపించుకోదు.

చొక్కా విప్పి అద్దం ముందు నిలబడి రెండు భుజాలనూ పోల్చి చూడండి. కండరాల నొప్పి సాధారణంగా పని చేస్తే పెరిగి, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. అది ఎక్కడుందో చూపించమంటే చాలామంది అరచేతితో మెడ నుంచి భుజం దాకా రాస్తారు. విశ్రాంతిలో కూడా తగ్గని నొప్పి, గాఢ నిద్రలోంచి లేపే నొప్పి, రోజురోజుకూ పెరిగే వాపు, లోతుగా తగిలే గడ్డ, అందులోనూ 5 సెంటీమీటర్లకు మించినది, ఇవి కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు. అవేవీ లేకపోయినా నెల రోజులు దాటింది కాబట్టి ఎముకల వైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించుకోండి. అనుమానం ఉంటే ఎంఆర్ఐ చేయిస్తారు. ఈలోగా ఎవరితోనూ గట్టిగా మర్దన చేయించకండి, కట్టు కట్టించకండి. నెలల తరబడి నూనెలు రాయించుకుని, గడ్డ కొబ్బరికాయంత అయ్యాక వచ్చినవారిని చూసిన బాధతో ఈ మాట రాస్తున్నాను.

ఒకవేళ గడ్డ నుంచి సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) అవసరమైతే, తరువాత శస్త్రచికిత్స చేయబోయే బృందమే దాన్ని కూడా చేయాలి, ఎందుకంటే సూది తప్పు దారిలో వెళితే కాపాడుకోగల చెయ్యిని కూడా కోల్పోవలసి రావచ్చు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రి కేన్సర్ చికిత్స కోసమే ఉన్నాయి.

వీడియోలు మానేయమని నేను చెప్పను. కాకపోతే అర్ధరాత్రి ఒంటరిగా కాకుండా సాయంత్రం పూట, వీలైతే ఆయనను ఇష్టపడే స్నేహితుడితో కలిసి చూడండి. నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఎక్స్‌రేకు వెళ్లే రోజు అమ్మగారిని వెంట తీసుకువెళ్లండి. వరుసలో కూర్చుని ఉన్నప్పుడు ఆ తండ్రి చదివిన వీడియోను ఆమెకు చూపించి, ఆయన ఏమంటున్నాడో మీరే తెలుగులో చెప్పండి.