ఆరు నెలలు ఆగలేక ఎంఆర్ఐకి పోయిన

‘నాకు 41 ఏండ్లు. రొమ్ముల చిన్న గడ్డ. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేసి బైరాడ్స్ 3 అని రాసిన్రు, ఆరు నెలలకు మళ్ల రమ్మన్నరు. అప్పటిదాక భయపడుకుంట కూసునే బదులు ఎంఆర్ఐ చేయించుకుంటే తేలిపోదా?’ అని అడిగినవు. చెల్లె అంటున్న, ఏమనుకోకు. నేను హన్మకొండదాన్ని, నీకంటె ఏడేండ్లు పెద్ద. అచ్చం నీ తీరుగనే తేల్చుకుందామని పోయి ఇంకింత చిక్కుల పడ్డ.

డాక్టరు రాయంది నీయంత నువ్వు ఎంఆర్ఐ అడగకు. బైరాడ్స్ అంటే రొమ్ము స్కాన్ల మీద అనుమానం ఎంతున్నదో చెప్పే నంబరు. 3 అంటే క్యాన్సరయ్యే అవకాశం వందకు రెండు కూడా మించదని లెక్క. అందుకే ఆరు నెలలకు, ఏడాదికి, రెండేండ్లకు చూసుకుంట పోతరు. మారకుంటే 2కు తగ్గిస్తరు, అంటే భయం లేని గడ్డ అని; పెరిగితే 4, అంటే అనుమానం ఉన్నదని వేసి, సూది పరీక్ష (బయాప్సీ) రాస్తరు. మనోళ్లకు ఇది ఎవరు చెప్తరు? 3 అనంగనే మూడో స్టేజీ అనుకుంటరు. మా ఆడబిడ్డయితే కాజీపేట నుంచి ఫోన్లనే శోకాలు పెట్టింది.

ఆమె కొడుకే ఫోన్ల వెతికి ‘ఎంఆర్ఐలో అంతా తెలుస్తదత్తా’ అన్నడు. మాకు పెద్ద మిషన్, పెద్ద బిల్లు అంటే పెద్ద నిజం చెప్తదని నమ్మకం. పది వేల చిల్లర పట్టుకొని పోయినం. కౌంటర్ కాడ మా ఆయనకు రొమ్ము అనే మాట నోట్లెకెళ్లి రాలే, ‘చెస్ట్’ అన్నడు. ఆ పిల్ల ఛాతీ ఎక్స్‌రేకు బిల్లు కొట్టింది! సదువుకున్నోళ్లం కూడా గింతే. గడ్డ తగిలినా చెప్పుకోక నెలలు దాసిపెట్టుకునేది ఈ సిగ్గుతోనే.

లోపలికి పోయే ముందు ఒంటి మీద లోహం ఉండొద్దన్నరు. పిన్నీసులు, గాజులు సరే, పుస్తెలు తియ్యమనంగనే మా అత్తమ్మ లేచి నిలబడ్డది. ‘బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా’ అని మా ఆయన వాదన. అంటుకోకున్నా బొమ్మ చెడిపోతది, వేడెక్కొచ్చు కూడా అన్నడు టెక్నీషియన్. అత్తమ్మ గప్పుడే బయటికి పోయి, ఎక్కడ దొరికిచ్చుకుందో, దారానికి పసుపుకొమ్ము కట్టుకొని వచ్చి నా మెడల వేసినంకనే పుస్తెలు తియ్యనిచ్చింది. మెట్టెలు ఇరవై ఏండ్ల సంది తియ్యలే, వాష్‌బేసిన్ కాడ సబ్బు రుద్ది రుద్ది గుంజినం.

బోర్ల పండుకోవాలె. రొమ్ములు కిందికి వేలాడేటట్టు పలకకు రెండు గుంటలుంటయి. తేడా ఉన్న కాడ స్కాన్ల మెరిసి కనబడేటందుకు చేతి నరానికి గాడోలినియం మందు ఎక్కించిన్రు, చల్లగ పాకింది. ఇగ చప్పుడంటవా, ఇంటి ముంగట బోరుబండి పెట్టినట్టే. చెవుల దూది లాంటివి పెట్టినా ఆగలే. కదలొద్దన్నంక ముక్కు దురద ఎక్కడికెళ్లి వస్తదో! అరగంట భద్రకాళమ్మను తలుసుకుంట పడుకున్న.

నెలసరి వచ్చి ఎన్ని రోజులైందని ఆ సెంటర్ల ఒక్కరంటే ఒక్కరు అడగలే. నాకప్పటికి 24వ రోజు. నెలసరి ఆగనోళ్లకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల చేస్తే మంచిదట. తర్వాత హార్మోన్లకు మంచి కణజాలం కూడా మందును పీల్చుకొని మెరుస్తది. నా రిపోర్టుల అసలు గడ్డ సప్పుడు చెయ్యకుండ పండుకున్నది గానీ, రెండో దిక్కు ఇంకేదో మెరిసింది, అటుపక్క 4 అన్నరు. మళ్ల అల్ట్రాసౌండ్, మళ్ల సూది, వారం రోజులు అన్నం సహించలే. చివరికి అందుల ఏం లేదు. ఎంఆర్ఐ మా గల్లీ చివరింటి పెద్దమ్మ అసొంటిది: ఏదీ ఆమె కండ్లకెళ్లి తప్పిపోదు, కానీ చూసిన ప్రతిదాన్ని అనుమానిస్తది.

పనికే రాదని కాదు. మామోగ్రామ్ ఒక తీరు, అల్ట్రాసౌండ్ ఇంకో తీరు చెప్పి డాక్టరే తికమక పడ్డప్పుడు, ఇంట్ల తల్లికో అక్కకో ఈ జబ్బు బాగ ఉన్నప్పుడు అడుగుతరు. మామోగ్రామ్‌ల సున్నపు (కాల్షియం) చుక్కల్లాంటివి కనిపిస్తే మాత్రం ఎంఆర్ఐల ఏం లేదని రాసినా నిమ్మళపడొద్దు, ఆ చుక్కలు మామోగ్రామ్‌ల కనబడ్డట్టు అందుల కనబడవు. గడ్డ కనిపిస్తుండంగ భయం ఆగకపోతే సూది పరీక్ష గురించి అడుగు. సూదితోని ముక్క తీసి చూసే పరీక్ష అది, మెరుపును చూసి చెప్పే లెక్క కాదు.

ఇంకోటి, రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ కూడా దాసుకో. పాతది పక్కన పెట్టి చూస్తేనే పెరిగిందా లేదా తెలిసేది. మా ఇంట్ల మొదటి ఫిల్ము కవర్‌ను ఎండకు నెత్తి మీద పట్టుకొని ఆటోల మర్చిపోయిన్రు.

మొన్న రెండేండ్ల అల్ట్రాసౌండ్ అయింది. గడ్డ అప్పుడెంతున్నదో ఇప్పుడంతే, 2 రాసిన్రు. దానికి ఏదీ తీసేది లేదని ఎంత చెప్పినా, అత్తమ్మ పసుపుదారం కొంగుకు ముడేసుకొనే వచ్చింది.