మీ ఫోనును బ్యాంకు యాప్ ఒప్పుకోకపోతే

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. కంపెనీ అప్‌డేట్లు ఆపేయడంతో మా అబ్బాయి నా ఫోనును రూట్ చేసి, అంటే కంపెనీ పెట్టిన అడ్డుకట్టలు తీసేసి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. అప్పటి నుంచి బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. రూట్ సంగతి యాప్‌కు కనబడకుండా దాచవచ్చని అంటున్నాడు. నా ఫోను ఎలా ఉండాలో బ్యాంకు చెప్పడమేమిటి? కరెంట్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ అక్కడే ఉన్నాయి.

జవాబు: మీ కోపం న్యాయమైనదే. అప్‌డేట్లు ఆగిన పాత సిస్టమ్ కంటే మీ అబ్బాయి వేసినదే మెరుగైనది కావచ్చు. ఆ తేడా యాప్‌కు పట్టదు. అయితే ఇది మీ బ్యాంకు ఒక్కదాని పట్టుదల కాదు. ఫోను కనీస భద్రతా షరతులకు సరిపోతేనే యాప్ నడవాలన్నది 2021 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. రూట్ అనుమతి పొందిన ఏ యాప్ అయినా మిగతా యాప్‌ల సమాచారాన్ని, ఓటీపీలను చదవగలదు. బ్యాంకుల భయం అదే.

దాచే ఉపాయం జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా బయటివారి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మీకు నష్టం ఉండదు. అదే మీ నిర్లక్ష్యమని తేలితే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీరే భరించాలి. నిరూపించాల్సిన భారం బ్యాంకుదే అయినా, రూట్‌ను దాచిపెట్టిన ఫోనుతో మీ వాదన బలహీనపడుతుంది.

ఫోనును మీ ఇష్టప్రకారమే ఉంచుకోండి, డబ్బును విడదీయండి. వేరే బ్యాంకులో ఒక పొదుపు ఖాతా తెరిచి, వారం ఖర్చులకు సరిపడా మాత్రమే అందులో ఉంచి, యూపీఐని దానికే కలపండి. ఇందుకు రూట్ చేయని మామూలు ఫోను ఒకటి కావాలి. ఆ ఖాతాకు నమోదైన సిమ్ అందులోనే ఉండాలి, లేకపోతే యూపీఐ నమోదు కాదు. కరెంట్ ఖాతా లావాదేవీలు దుకాణంలోని కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయండి. దాని ఓటీపీలు వచ్చే సిమ్‌ను కూడా రూట్ చేసిన ఫోనులో ఉంచకండి.

నాకు అన్నిటికంటే ఆందోళన మీ డిపాజిట్ల గురించే. మోసగాళ్లు ఖాతాలోకి చొరబడితే వాటిని ఆన్‌లైన్‌లోనే రద్దు చేయగలరు, వాటి మీద అప్పు కూడా తీయగలరు. ఆ రెండు సౌకర్యాలనూ ఆపేయమని శాఖకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి.

యాప్ తప్ప మరో దారి లేదని బ్యాంకు అంటే నేను మీ పక్షమే. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి.