యూనిట్ టెస్ట్ పేపర్ రాసే ముందు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి మనసులో తిరుగుతూనే ఉంది. ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకున్న పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, అదే పాఠంలో ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే నోరు మెదపలేదని బాధపడ్డావు. ఆ పిల్ల బాగానే చదివింది. నువ్వు అడిగినవన్నీ వచ్చు కాబట్టే ఆ మార్కులు వచ్చాయి. పాఠం అర్థమైందా అన్నది మాత్రం నీ పేపర్ అడగలేదు. వచ్చే వారం బయాలజీ యూనిట్ టెస్ట్ పేపర్ నువ్వే తయారు చేయాలన్నావుగా, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఈ ప్రశ్న చదువు. రెండు గిన్నెల్లో సమానంగా పెసలు తీసుకున్నారు. మొదటి గిన్నెలోవి అప్పుడే పూర్తిగా ఎండబెట్టి తూచారు. రెండో గిన్నెలోవి నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి చీకట్లో మొలకెత్తించి, మొలకలు బాగా సాగాక వాటినీ పూర్తిగా ఎండబెట్టి తూచారు. ఏవి ఎక్కువ బరువు తూగుతాయి? ఎందుకు?

నేను అడిగిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎక్కువమంది రెండో గిన్నె అన్నవాళ్లే. కారణం అడిగితే ఒకరు "పెరిగాయి కదా మేడమ్" అంటారు. ఇంకొకరు "నీళ్లు పీల్చుకున్నాయి" అంటారు, ఎండబెట్టామన్న మాట మరిచిపోయి. "మొలక వచ్చింది కాబట్టి కిరణజన్య సంయోగక్రియ జరిగింది" అనేవాళ్లూ ఉంటారు, మూట చీకట్లోనే ఉన్నా. బరువు మారదు అనేవాళ్లు కొందరు. బయటి నుంచి ఏమీ రాలేదు, ఏమీ పోలేదు అని వాళ్ల లెక్క. ఈ చివరివాళ్లు దారిలోనే ఉన్నారు, ఒక్క అడుగు వేయిస్తే చాలు. గింజలో దాచుకున్న పిండిపదార్థం శ్వాసక్రియలో ఖర్చయింది, అందులోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోయింది. అందుకే మొలకల ఎండు బరువు తగ్గుతుంది. తమాషా ఏమిటంటే తప్పు చెప్పిన పిల్లలే శ్వాసక్రియలో మొదటి దశ గ్లైకాలిసిస్ మెట్లు వరసగా అప్పజెబుతారు, తర్వాత వచ్చే క్రెబ్స్ వలయం బొమ్మ తడుముకోకుండా వేస్తారు. సమీకరణంలో కుడివైపు రాసిన ఆ కార్బన్ డయాక్సైడ్‌కు బరువుంటుందని, అది గింజలోంచే పోయిందని వాళ్లకు తట్టదు.

ఆ తప్పు జవాబులను వృథా పోనివ్వకు. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే: నీ పేపర్‌లోని తప్పు ఆప్షన్లు పిల్లల నోటి నుంచే రావాలి. బిట్ రాసేటప్పుడు సరైన జవాబు రాయడం ఎవరికైనా తేలికే, మిగతా మూడూ రాయడంలోనే పనితనం ఉంది. "శ్వాసక్రియలో వెలువడే వాయువు ఏది" అని అడిగి నైట్రోజన్, హైడ్రోజన్ ఆప్షన్లుగా ఇస్తే వాటికి ఎవరూ టిక్కు పెట్టరు. ఆ రెండూ ఉన్నా లేనట్టే, ప్రశ్న కాస్తా బొమ్మా బొరుసూ అయిపోతుంది. అదే పెసల ప్రశ్నకు "నీళ్లు పీల్చుకున్నాయి కాబట్టి ఎక్కువ", "పెరిగాయి కాబట్టి ఎక్కువ", "ఏమీ కలవలేదు కాబట్టి సమానం" అని ఇచ్చి చూడు. పాఠం వంటబట్టని పిల్లకు తన సొంత ఆలోచన కళ్ల ముందు కనిపిస్తుంది, దాన్నే ఎంచుకుంటుంది. ఎవరు ఎక్కడ ఆగిపోయారో నీకు తెలిసిపోతుంది.

వాటిని సేకరించడం కష్టమేమీ కాదు. పాఠం మొదలుపెట్టే రోజు చిన్న చీటీలు పంచి, ఆప్షన్లు లేకుండా ఒకే ఒక్క ప్రశ్న అడుగు. పేరు రాయొద్దని చెప్పు. మార్కులు లేవని రెండుసార్లు చెప్పు, లేకపోతే పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూస్తారు. ఇంటికి తెచ్చుకుని ఒకే రకం జవాబులను ఒక కుప్పగా పెడుతూ పో. మూడు నాలుగు కుప్పలకు మించి రావు. ఒక్కో కుప్ప ఒక్కో ఆప్షన్. పదాలు కూడా వాళ్లవే ఉంచు, పుస్తకం భాషలోకి మార్చకు.

కిరణజన్య సంయోగక్రియకు నేను ఎప్పుడూ వాడే ప్రశ్న ఒకటుంది. "ఎండిన వేప దుంగ బరువులో ఎక్కువ భాగం చెట్టులోకి ఎక్కడి నుంచి వచ్చింది?" మట్టిలోంచి, నీళ్లలోంచి, గాలిలోంచి, ఎండలోంచి, ఇవీ ఆప్షన్లు. వ్యవసాయం ఇళ్ల పిల్లలు మట్టి అనే అంటారు. ఎరువు వేస్తేనే చేను ఎదుగుతుందని కళ్లారా చూసినవాళ్లు మరి. ఆ మాటను చిన్నబుచ్చకు. ఎరువులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ లేకపోతే మొక్క పెరగదన్నది నిజమే, కానీ దుంగ బరువులో వాటి వాటా చాలా కొంచెం. ఇక్కడ పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగాన్ని కథగా చెప్పి ఊరుకోకుండా ప్రశ్నగా పెట్టు. 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు పోస్తే చెట్టు 169 పౌన్లు తూగింది, మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది. "ఈ వాదనలో ఏ భాగం సరైనది, ఏ భాగం తప్పు, ఆయన దేన్ని లెక్కలోకి తీసుకోలేదు?" అని అడుగు. గ్యాస్ అన్న మాటను పుట్టించింది ఆయనే, కార్బన్ డయాక్సైడ్ గురించి తెలిసిన మనిషే, అయినా దాన్ని చెట్టుతో కలిపి చూడలేదు. ఈ ముక్క చెబితే, తప్పు చెప్పిన పిల్లలకు కాస్త ధైర్యం వస్తుంది.

చురుకైన పిల్లలకు ఇంకో మెట్టు ఉంది. కిరణజన్య సంయోగక్రియలో తయారయ్యే గ్లూకోజ్ అణుభారం 180. అందులో కార్బన్ 72, ఆక్సిజన్ 96, హైడ్రోజన్ 12. వెలువడే ఆక్సిజన్ నీటిలోంచే వస్తుందని రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు 1941లో ఆక్సిజన్-18 (మామూలు ఆక్సిజన్ కంటే బరువైన రకం) వాడి చూపించారు కాబట్టి గ్లూకోజ్‌లో మిగిలిన ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌దే. అంటే 180లో 168, నూటికి 93 పాళ్లు, గాలిలోంచి వచ్చిందే. సమీకరణాన్ని కంఠతా పట్టిన పిల్ల ఈ లెక్క సొంతంగా చేసిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఆప్షన్‌తో పాటు కారణం కూడా రాబట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. ఆస్ట్రేలియాలో హస్లామ్, ట్రెగస్ట్ అనే ఇద్దరు 1987లోనే మొక్కల కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల మీద రెండంచెల ప్రశ్నలు తయారుచేశారు. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో దానికి కారణం, రెండూ టిక్కు పెట్టేవే. రెండూ సరైతేనే మార్కు. "పచ్చని మొక్క శ్వాసక్రియ ఎప్పుడు జరుపుతుంది" అని ఇలా అడిగి చూడు. "ఎప్పుడూ" అని సరైన జవాబే పెట్టి, కారణం దగ్గర "పగలు కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదలడం, రాత్రి దానికి తిరగబడి చేయడం, రెండూ మొక్క శ్వాసక్రియే" అన్నదాన్ని ఎంచుకున్నవాళ్లు కనిపిస్తారు. రాత్రిపూట చెట్టు కింద పడుకోవద్దని ఇంట్లో విన్న మాట, మొక్కలకు పగలు ఒకటి రాత్రి ఒకటి అన్న లెక్క, రెండూ కలిసి వాళ్ల బుర్రలో అలా స్థిరపడి ఉంటాయి. ఒక్క అంచెతో వదిలేస్తే వాళ్లందరికీ మార్కు పడిపోయేది.

మీ కాలేజీలో బిట్ల మీదే ధ్యాస అన్నావు. నీట్‌లో 180 ప్రశ్నలకు 90 బయాలజీవే, పైగా తప్పు పెడితే ఒక మార్కు కోత, కాబట్టి ఆ ధ్యాస ఉండకుండా ఎలా ఉంటుంది? బిట్ పేపర్ అంటే నాకు చిన్నచూపేమీ లేదు. పైన చెప్పినవన్నీ బిట్లే. వారానికి ఇన్ని వందల బిట్లు చేయించాం అని లెక్క చూపడమే నాకు నచ్చదు. "కింది వాటిలో ఏది సరికానిది కాదు" లాంటి డొంకతిరుగుడు ప్రశ్నలూ వద్దు. అవి చదివే ఓపికను పరీక్షిస్తాయి, బయాలజీని కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల తప్పు పెడితే, ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని అదే ప్రశ్న తెలుగులో అడుగు. టకీమని చెప్పిందంటే తడబాటు ఇంగ్లీషులో ఉందన్నమాట, దానికి మందు వేరు.

ఇక దిద్దడం. ఇక్కడ నువ్వు కాస్త మొండిగా ఉండాలి. మాగాయ ముక్కలకు ఉప్పు కలిపితే ఊట ఎందుకు వస్తుంది అని అడిగావనుకో. ఒకరు ఇలా రాస్తారు: "ద్రవాభిసరణం వల్ల. అర్ధపారగమ్య త్వచం గుండా నీరు అల్పగాఢత నుంచి అధికగాఢత వైపు ప్రసరించుటను ద్రవాభిసరణం అందురు." ఇంకొకరు ఇలా: "ముక్క లోపలి కంటే బయట ఉప్పు చాలా ఎక్కువ. కణం చుట్టూ ఉన్న పొర దాటి ఉప్పు తేలిగ్గా లోపలికి పోలేదు, నీళ్లు అటూ ఇటూ పోగలవు. బయటికి పోయే నీళ్లు ఎక్కువ, లోపలికి వచ్చేవి తక్కువ. అందుకే ఊట." కీ పట్టుకుని దిద్దితే మొదటిదానికి పూర్తి మార్కులు, రెండోదాంట్లో ద్రవాభిసరణం అన్న మాటే లేదు కాబట్టి సగం. ఆ ఇద్దర్నీ పిలిచి, ముక్కలను ముందే ఉడకబెట్టి చల్లారాక ఉప్పు కలిపితే ఏమవుతుందని అడుగు. పొర సంగతి పట్టుకున్నది రెండో పిల్లే కాబట్టి, కణాలు చచ్చిపోతే పొర కాపలా ఉండదని, ఉప్పు లోపలికి పోతుందని, లోపలి రసం ఉప్పు వేయకపోయినా కారుతుందని ఆ పిల్లే చెప్పగలదు. కాబట్టి కీ తయారు చేసేటప్పుడు అందులో పదాలు రాయకు. ఆలోచన మెట్లు రాయి: లోపల బయట గాఢతల్లో తేడా, పొర దేన్ని ఆపుతుంది, నికరంగా నీళ్లు ఎటు. మెట్టుకో మార్కు. నిర్వచనం కావాలంటే దాన్ని వేరే ప్రశ్నగా అడుగు.

కణ విభజనకు రాతకంటే బొమ్మే నయం, అదీ పుస్తకంలో లేని బొమ్మ. నాలుగు క్రోమోసోమ్‌లు (2n = 4) ఉన్న కణానికి మైటాసిస్ (మామూలు విభజన) మెటాఫేజ్, మియాసిస్ (బీజకణాలనిచ్చే విభజన) మొదటి మెటాఫేజ్, అంటే క్రోమోసోమ్‌లు కణం మధ్యకు చేరే దశ, పక్కపక్కన వేయమను. రెండూ ఒకేలా వేసినవాళ్లకు మియాసిస్‌లో క్రోమోసోమ్‌లు జతలు కట్టడం అంటే ఏమిటో అర్థం కాలేదు. ఉల్లి వేరు కొన స్లైడ్ దగ్గర, 16 క్రోమోసోమ్‌ల కణంలో మెటాఫేజ్‌లో క్రోమాటిడ్‌లు (ఒక్కో క్రోమోసోమ్‌లోని జంట పోగులు) ఎన్ని అని వైవాలో అడుగు. 32 అన్న జవాబుకు కారణం కూడా చెప్పించు. పరిణామం పాఠానికి పత్తి చేను ఉండనే ఉంది. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని ఎలా తట్టుకుంటోందంటే "అలవాటు పడిపోయింది" అనే ఊళ్లో అంటారు, పిల్లలూ అదే రాస్తారు. ఆ మాటను ఆప్షన్‌గా పెట్టి, ముందే తట్టుకునే గుణమున్న కొన్ని పురుగులు బతికి సంతానాన్ని పెంచుకున్నాయన్నది దాని పక్కనే సరైన ఆప్షన్‌గా పెట్టు.

జన్యుశాస్త్రం దగ్గర మాత్రం తొందరపడకు. బహిర్గత లక్షణం (జతలో ఒక్క జన్యువున్నా బయటపడేది) అంటే ఎక్కువమందిలో ఉండేది అని సగం క్లాసు నమ్ముతుంది. ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతం (జన్యువులు రెండూ అవే అయితేనే బయటపడేది), అయినా ఎంతమందికి ఉందో చేతులెత్తమంటే ఆ నమ్మకం అక్కడికక్కడే కదులుతుంది. 3:1 (మూడు పాళ్లు బహిర్గతం, ఒక పాలు అంతర్గతం) అంటే నలుగురు బిడ్డల్లో కచ్చితంగా ఒకరికి అన్న నమ్మకం దీనికంటే ప్రమాదం. ఇద్దరూ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే అంతర్గత జబ్బు) వాహకులైన, అంటే తమకు జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటి మోస్తున్న, దంపతులకు మొదటి బిడ్డ జబ్బుతో పుడితే, రెండో బిడ్డకు ఆ అవకాశం ఎంత? నాలుగింట ఒక వంతే, మొదటి బిడ్డకు ఎంతో అంతే. "ఒకరికి వచ్చేసింది కదా, తర్వాతి ముగ్గురికీ భయం లేదు" అన్న ఆప్షన్ తప్పకుండా ఉంచు. మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బుంది, దీని కోసం కేంద్రం 2023లో ప్రత్యేకంగా మిషన్ మొదలుపెట్టింది. రేపు నీ క్లాసు పిల్లల్లో ఒకరు నర్సుగానో డాక్టరుగానో ఆ తల్లిదండ్రుల ఎదుట కూర్చోవచ్చు. ఒక్క జాగ్రత్త, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని క్లాసులో ఎవర్నీ అడగకు.

పేపర్ దిద్దాక ఒక గంట కేటాయించు. అరవైమంది ఉంటే పైనున్న ఇరవైమంది పేపర్లు, కిందున్న ఇరవైమంది పేపర్లు విడదీసి, ఒక్కో బిట్‌కు ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో గీతలు గీసుకో. బాగా చదివేవాళ్లే ఎక్కువమంది తప్పు పెట్టారంటే ప్రశ్న వాక్యంలోనో కీలోనో లోపముంది. ఎవరూ ముట్టని ఆప్షన్‌ను కొట్టేసి చీటీల్లోంచి ఇంకొకటి తెచ్చుకో. సగం క్లాసు ఒకే తప్పు దగ్గర ఆగితే ఆ ప్రశ్నను మర్నాడు బోర్డు మీద రాసి, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమను. తర్వాత మళ్లీ అడుగు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ ఫిజిక్స్ క్లాసులో ఇలాగే చేయించేవాడు. క్లాసులో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పిన ప్రశ్నలకే ఈ వాదన పనికొస్తుంది. చేతులు ఎత్తించకు, అందరూ ఫస్ట్ ర్యాంకర్ చేయి వైపే చూస్తారు. జవాబు అంకెను వేళ్లతో గుండె దగ్గర చూపించమను, నీకు మాత్రమే కనపడేలా.

ఇవన్నీ ఒకేసారి చేయాలని టెన్షన్ పడకు. ఈ పేపర్‌లో రెండు ప్రశ్నలు ఇలాంటివి పెట్టు, మిగతావి నీకు అలవాటైనవే ఉండనీ. సోమవారం చీటీలు రాయించి కుప్పలు పెట్టాక ఫోటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి. కీ కూడా పంపు, మెట్ల దగ్గర నేను ఒకసారి చూస్తాను. పెసల ప్రశ్న పెట్టేటట్టయితే ఆదివారమే సమానంగా తూచిన రెండు గుప్పెళ్లు తీసుకుని, ఒకటి ఎండబెట్టి, ఇంకొకటి నానబెట్టి చీకట్లో మొలకెత్తించడం మొదలుపెట్టు, మొలకలు సాగాక వాటినీ పూర్తిగా ఎండబెట్టి ఉంచుకో. త్రాసు ల్యాబ్‌లో ఉందన్నావుగా, జవాబు చెప్పే రోజు వాళ్ల చేతే తూయించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ