ముందు కాంటాకు పో, తర్వాతనే కమాను పట్టీల కాడికి

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు చూసిన. ఖాళీగ ఉన్నప్పుడు నీ వీ-క్రాస్ పికప్ బండి తోక పైకి లేచి నిలబడ్డది, సామాను ఎక్కించినంక అదే తోక నేలను చూస్తున్నది, లైట్లు చెట్ల కొమ్మల మీద పడుతున్నయి. "వెనక ఎయిర్ బ్యాగులు వేయించాల్నా, ఇంకో పట్టీ వేయించాల్నా పెద్దబాపూ" అని అడిగినవు. ఎయిర్ బ్యాగులంటే వెనక ఇరుసుకూ బండి చట్రానికీ (చాసిస్) నడుమ పెట్టి గాలి నింపే రబ్బరు సంచులు, పట్టీ అంటే కమాను కట్టల ఒక పొర. ఫోన్ల చెప్పేంత చిన్న ముచ్చట కాదు, అందుకే రాస్తున్న.

ఆ బండి ఎత్తు పెంచి లేపింది నువ్వు కాదు, నీకు అమ్మినాయన లేపిచ్చిండు. ఎట్ల లేపిచ్చిండో నీకు తెల్వదు. అది తెలియకుండ వెనక ఏం వేసినా చీకట్ల వేసినట్టే. ఆదివారం బండిని చదును జాగల పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, టార్చిలైటు పట్టుకొని కిందికి చూడు. కమాను కట్టకు, హౌసింగుకు (వెనక ఇరుసు ఉండే ఇనుప గొట్టానికి) నడుమ ఇనుప దిమ్మె ఉంటే దిమ్మె పెట్టి లేపినట్టు. కట్ట వెనక కొసను చాసిస్‌కు తగిలిచ్చే షాకిల్ అనే ఇనుప ముక్క పొడుగ్గ, మిగతా ఇనుము కంటే కొత్తగ కనపడితే షాకిల్ మార్చి లేపినట్టు. రెండూ లేకుంటే కట్టనే మార్చిండ్రు, లేదంటే పాత పట్టీలకే వంపు ఎక్కువ కొట్టిచ్చిండ్రు.

వీటిల దిమ్మె అంటే నాకు భయం. రేసు గట్టిగ ఇచ్చినప్పుడు హౌసింగ్ మెలి తిరగబోతది, దాన్ని పట్టి ఆపేది కమాను పట్టీలే. నడుమ దిమ్మె ఎంత ఎత్తుంటే పట్టీల మీద ఆ మెలి అంత పెరుగుతది. పట్టీలు పాము లెక్క వంకర పోతయి, ఇంజను జోరును వెనక చక్రాలకు అందించే జాయింటు షాఫ్ట్ దడదడలాడుతది, దాని క్రాసులు (కీళ్లు) అరిగిపోతయి. దిమ్మె మీద ఇంకో దిమ్మె కనపడిందనుకో, ఇగ ఆ బండిమీద బరువు ఎక్కియ్యకు, ముందు దాన్ని తీసెయ్యి.

అక్కడ్నే ఇంకొకటి చూడు. చాసిస్ కింద, హౌసింగుకు సరిగ్గ మీద నల్ల రబ్బరు గుబ్బ ఉంటది. దాని మొనకు ఇంత గ్రీజు పూయి. మరునాడు మామూలుగ పనికి తిప్పుకొని వచ్చి, మళ్లా చూడు. గ్రీజు అట్లనే ఉంటే పట్టీలు తమ పని తాము చేస్తున్నట్టు. హౌసింగ్ మీద రూపాయి బిళ్లంత మరక అంటితే అప్పుడప్పుడు తాకుతున్నది, అది తప్పు కాదు. గ్రీజు మొత్తం నలిగి పక్కలకు పారి, రబ్బరు మొన మెరుస్తుంటే మాత్రం పట్టీలు చేతులెత్తేసినయి, బరువును రబ్బరు మోస్తున్నది. అదే నువ్వు దిమ్మె ఉన్న బండి నడుపుతున్నవనుకో, ఈ రబ్బరుకూ హౌసింగుకూ నడుమ సందు దిమ్మె ఎత్తంత పెరిగిపోయి ఉంటది. రబ్బరు ఆపాల్సిన కాడ ఆపది. పట్టీలు ఎదురు వంపు తిరిగినంక, టైరు మడ్‌గార్డుకు రాసినంకగని నీకు తెలియది.

ఇగ బరువు. రోజూ ఉండే సామాను మూడు వందల కిలోలని చెప్పినవు. నేను నమ్మను. నీ లెక్క బోరు మోటర్లు తీసేటోళ్లు ఇనుమును లెక్కేస్తరుగని పైపును మరుస్తరు. అంగుళం రంధ్రం ఉన్న పైపు వంద మీటర్లు నీళ్లతో నిండి ఉంటే ఆ నీళ్లే ఇంచుమించు 50 కిలోలు. నీళ్లు వంపకుండ చుట్ట చుట్టి ఎక్కిస్తరు కదా! ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయి కాంటా ఎక్కించు. మూడుసార్లు తూకం కావాలె: ఖాళీ బండి, రోజూ ఉండే సామానుతోని, ఎన్నడన్న ఒకనాడు వేసే పెద్ద లోడుతోని. ప్రతిసారి మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి ఇంకొకసారి. తూకం వేసినప్పుడల్లా వెనక చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాక టేపు పెట్టి రెండు దిక్కుల కొలువు. ఆ చీటీలు చేతికొచ్చినంక ఆర్సీ తీసి అండ్ల రాసిన మొత్తం బరువు చూడు. నీ తూకం దాన్ని దాటితే ఇగ ఈ ఉత్తరం పక్కన పెట్టి సామాను తగ్గించు, లేదంటే పెద్ద లోడుకు వేరే బండి మాట్లాడు. వెనక ఏం వేసినా ఆ అంకె పెరగది. బేరింగు, బ్రేకు, యాక్సిల్, చాసిస్ పాతవే ఉంటయి. తోక లేచింది కదా అని ధైర్యం వచ్చి ఇంకింత ఎక్కిస్తరు, ఇనుము విరిగేది అప్పుడే.

టైరు పక్కన రాసిన బరువు అంకె (లోడ్ ఇండెక్స్) సుత చూడు. 112 అని ఉంటే ఒక టైరు 1120 కిలోలు మోస్తది, 115 ఉంటే 1215. బండి లేపినోళ్లు సోకుకు పెద్ద టైర్లు వేస్తరు, ఈ అంకె తగ్గిందా అని చూసుకోరు.

ఏది వేయాల్నో ఇప్పుడు చెప్త. నీ సామాన్ల ఎక్కువ భాగం ఎప్పుడూ బండి మీదనే ఉంటది. ట్రైపాడు, చైన్ పుల్లీ, పానాల పెట్టె నువ్వు ఇంటికాడ దింపవు. ఎప్పుడూ ఉండే బరువుకు కమాను పట్టీలే సరైనయి. దిమ్మె ఉంటే తీసేసి, ఆ ఎత్తును, నీ రోజువారీ తూకాన్ని లెక్కల పెట్టుకొని చేసిన పూర్తి కట్ట వేయించు. తయారుగ దొరికే కట్టలు సుత రోజూ ఉండే బరువును బట్టి రకాలుగ వస్తయి, నీ చీటీ చూపించి అడుగు. డబ్బులు సరిపోకుంటే ఒక్క పట్టీ అదనంగ వేయించొచ్చు. గని పొట్టి పట్టీ వద్దు. దాని కొస యాడ ఆగిపోతదో పై పట్టీ అక్కడ్నే విరుగుతది. వంపు మిగతా పట్టీలతోని కలవాలె. వేసేముందు పక్కపక్కన పెట్టి చూడు, నడుమ వెలుతురు ఎక్కువ కనపడితే ఒప్పుకోకు. వరంగల్ ఆటోనగర్‌ల మంచి చెయ్యి ఉన్న మేస్త్రీలున్నరు. పట్టీని కాల్చి గట్టిపడేటట్టు పదును ఎట్ల పెడతరో నిలబడి చూడు.

ఎయిర్ బ్యాగుల సంగతి. ఒకనాడు ఖాళీ, ఒకనాడు నిండు లోడు తిరిగేటోనికి అవి మంచియి. గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నీ అసుంటి లేచిన బండికి మాత్రం మామూలు ఎత్తు కిట్ సరిపోదు. గుంతల చక్రం కిందికి వేలాడినప్పుడు బ్యాగు మోతాదు దాటి సాగి చినుగుతది. లేపిన ఎత్తుకు తగ్గ కిట్ గాని, దానికిచ్చే స్పేసర్ గాని ఉండాలె. ఖాళీగ ఉన్నా గాలి పూర్తిగ తీయొద్దు. చాలా కిట్లకు 5 పీఎస్ఐ కంటే తగ్గొద్దని రాసుంటది. రెండు దిక్కుల బ్యాగులకు వేర్వేరు గొట్టాలు పెట్టించు, ఒక్కటే గొట్టం ఉంటే మూలమలుపుల బరువు పడ్డ దిక్కు గాలి అవతలికి పోయి బండి ఇంకింత ఒరుగుతది. సైలెన్సర్ పైపుకు దూరం ఉండాలె.

ఎయిర్ బ్యాగులు నీకు వద్దంటున్నది అసలు దీనికి: కమాను కట్ట బరువును చాసిస్ మీద రెండు కాడల, ముందు కొసన, వెనక కొసన మోపుతది. బ్యాగు నడిమిట్ల ఒక్క జాగలనే నెడుతది. నీ ట్రైపాడు, పైపులు డోరు దాటి వెనక్కి వేలాడుతున్నయి. చిన్నప్పుడు మనూరి బాయి కాడ ఏతం చూసినవు కదా, అదే లెక్క. బ్యాగు కాడ ఇరుసు, వెనక సామాను ఒక దిక్కు, ముందు క్యాబిన్ ఒక దిక్కు. గుంతల పడ్డప్పుడల్లా చాసిస్ ఆ ఒక్క జాగల వంగబోతది. డబుల్ క్యాబిన్ బండికి సామాను డబ్బా వెనక్కి ఉంటది, దీనికి ఇంకా ప్రమాదం. ఏం వేసినా వేయకపోయినా బరువైన పెట్టెను క్యాబిన్ గోడకు ఆనించి పెట్టు. ఈ పనికి రూపాయి ఖర్చు లేదు, సగం తోక దానితోనే లేస్తది.

రబ్బరు హెల్పర్లు దొరుకుతయి, ఆ నల్ల గుబ్బ జాగల పెట్టేటివి. గాలి లేదు, లీకు లేదు. రోజువారీ బరువుకు తాకీ తాకనట్టుండి, పెద్ద లోడు పడ్డనాడు మోయాలె. లేచిన బండికి ఆ సందు సరిపోయేటట్టు స్పేసర్ కావాలె. పూర్తి కట్టకు తోడు ఇవి పెట్టుకుంటే నీకు సరిపోతది. అబ్జార్బర్ల మీద ఆశ పెట్టుకోకు, అవి ఊపును ఆపుతయి, బరువు మొయ్యవు.

బ్రేకు సంగతి మాత్రం నా అనుభవంతోని చెప్తున్న. 2012 మేడారం జాతరకు పాత పికప్‌ల బెల్లం వేసుకొని పోయిన. బురద తొవ్వలకని అంతకుముందే వెనక దిమ్మెలు పెట్టిచ్చి లేపిన. తాడ్వాయి అడవిల ముందు పోయే బస్సు ఉన్నపాటున ఆగింది. పెడల్ మొత్తం తొక్కిన. ముందు చక్రాలు కీచుమన్నయిగని వెనక బండి నన్ను తోసుకొనిపోయింది. బస్సు బంపరుకు జానెడు దూరంల ఆగిన. పక్కన మీ పెద్దమ్మ, ఒళ్లె పిల్ల. ఇంటికొచ్చి చూస్తే సంగతి తెలిసింది. కొన్ని బండ్లకు హౌసింగ్ నుంచి చాసిస్ మీది బ్రేకు వాల్వుకు సన్నని కడ్డీ ఉంటది. లోడు పడి బాడీ దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకుకు జోరు ఎక్కువ పంపుతది. నేను బాడీని లేపిన, కడ్డీని ఎవ్వరూ సరిచేయలే. బండి నిండుగున్నా వాల్వుకు ఖాళీ లెక్కనే తోచింది. ఎయిర్ బ్యాగు పెట్టి తోక లేపినా ఇదే అయితది. ఏబీఎస్, ఈబీడీ (బ్రేకు జోరును కంప్యూటరే చూసుకునే ఏర్పాట్లు) ఉన్న కొత్త బండ్లల్ల చాలావాటికి ఆ కడ్డీ ఉండది. నీదానికి ఉన్నదేమో కండ్లతోని చూడు, ఉంటే పని అయినంక కంపెనీ పుస్తకం ప్రకారం సరిచేయించకుండ రోడ్డెక్కకు.

ఇంకోటి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019ల సుప్రీంకోర్టు సుత ఇదే మాట చెప్పింది. నీ బండి ఎత్తు గురించి ఆర్టీఓ ఆఫీసుల అడుగు, ఇన్సూరెన్సోళ్ల జవాబు కాగితం మీద తీసుకో. కుదరదంటే దించెయ్యి. నన్నడిగితే దించుడే మంచిది, నర్సంపేట దిక్కు చేన్లకు పోయే తొవ్వకు నీకు అంత ఎత్తు అవసరం లేదు.

తూకం చీటీలు, టేపు కొలతలు, కింద తీసిన ఫొటోలు పంపు. చూసి ఏ కట్టనో చెప్త, శుక్రవారం నేనే ఆటోనగర్ వస్త. కట్ట విప్పితే యూ బోల్టులు కొత్తయి కొనిపెట్టు, ఒకసారి గుంజుకపోయిన బోల్టు మళ్లా ఆ బిగింపు నిలపది. 500 కిలోమీటర్లు తిరిగినంక మళ్లొకసారి బిగించాలె. మొదటి బిగింపు మాత్రం నేను వచ్చేదాక చేయనియ్యకు.

మీ పెద్దబాపు
హనుమకొండ